చీటీలో లేని బాణలి

వంట మేస్త్రి సత్తెయ్య ఏ పెళ్ళి ఒప్పుకున్నా ముందు సామాన్ల చీటీ రాసి పెళ్ళివారి చేతికిచ్చేవాడు. గుండిగలు, గంగాళాలు, జల్లిగరిటెలు అన్నీ ఆ చీటీ ప్రకారమే టెంటుహౌస్ నుంచి దిగేవి. లడ్డూలు మాత్రం రాములుకు అప్పగించేవాడు. బూందీ దూయడానికి రాములు తన పెద్ద ఇనుప బాణలి తానే మోసుకొచ్చేవాడు.

లడ్డూల పని రాత్రికే తెమిలిపోయేది. తెల్లారి ఆ బాణలి ఖాళీగా ఉండటం చూసి సత్తెయ్య గారెలు అందులోనే వేసేవాడు. ఏళ్ళు గడిచినా చీటీలో బాణలి ఊసు లేదు.

ఒక మాఘమాసం పెళ్ళికి రాములు లడ్డూలు ఇంటి దగ్గరే చేసి గంపల్లో తెచ్చాడు. లెక్క సరిపోయింది, రుచిలో తేడా లేదు. తెల్లవారుజామున గారెల పిండి సిద్ధమైంది, నూనె డబ్బాల మూతలు తీశారు.

"బాణలేదిరా రాములూ?"

"ఇంటి దగ్గరుంది మేస్త్రీ. లడ్డూలు తెమ్మన్నారు, తెచ్చాను. బాణలి మీ చీటీలో రాసుకున్నారనుకున్నా."

టెంటుహౌస్ తలుపులు ఇంకా తెరవలేదు. ఆ పూట విస్తళ్ళలో గారె పడలేదు.

నీతి: నీ చేత్తో వాడే వస్తువు నీ చీటీలోనే ఉండాలి. పక్కవాడి వెంట వచ్చింది, చెప్పకుండానే రావడం మానేస్తుంది.

జావా ప్రాజెక్టుల్లో మావెన్ వాడేవాళ్ళకు ఆ చీటీ పామ్ ఫైలు. అందులో ఒక లైబ్రరీ రాస్తే, అది ఆధారపడే లైబ్రరీలూ వెంట వస్తాయి. వాటినే ట్రాన్సిటివ్ డిపెండెన్సీలంటారు. ఏవి రావాలో స్కోప్ తేలుస్తుంది. ఆ లైబ్రరీవాళ్ళు టెస్ట్ స్కోప్‌లో పెట్టుకున్న జేయూనిట్ మన దాకా రాదు. సర్వర్ ఇస్తుందని ప్రొవైడెడ్‌లో పెట్టిన సర్వ్‌లెట్ ఏపీఐ కూడా రాదు. రన్‌టైమ్‌వి రన్‌టైమ్‌గానే వస్తాయి. చిక్కంతా కంపైల్ స్కోప్‌తోనే. అందులో పెట్టినవి మనకూ కంపైల్‌లోనే దిగుతాయి. నిజానికి వాటిని రన్‌టైమ్‌కి పరిమితం చేయాలన్నదే అసలు ఉద్దేశమని మావెన్ పత్రాలే చెబుతాయి. కానీ ఒక లైబ్రరీలోని క్లాసు ఇంకో లైబ్రరీ క్లాసును ఎక్స్‌టెండ్ చేస్తే, కంపైలర్‌కు రెండూ కనబడాలి. అందుకని అలాగే ఉంచేశారు. దాంతో మనం రాసిన లైబ్రరీ వెంట గ్వావా అనే లైబ్రరీ వస్తే, పామ్‌లో దాని పేరు రాయకుండానే మన కోడ్‌లో ఇంపోర్ట్ చేసుకోగలం. మధ్యనున్న లైబ్రరీ కొత్త వెర్షన్‌లో గ్వావాను వదిలేసిందా, మన బిల్డ్ ఆగిపోతుంది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, ఒప్పుకున్నది వాళ్ళిచ్చారు.

మావెన్‌లాంటిదే మరో బిల్డ్ టూల్ గ్రేడిల్, 2017లో వచ్చిన 3.4 వెర్షన్‌లో ఈ చిక్కును సూటిగా పట్టుకుంది. జావా-లైబ్రరీ ప్లగిన్‌లో ఏపీఐ, ఇంప్లిమెంటేషన్ అని రెండు అరలు చేసింది. ఇంప్లిమెంటేషన్‌లో పెట్టింది వాడకందారు కంపైల్ క్లాస్‌పాత్‌లోకి రాదు, ప్రోగ్రాం నడిచేటప్పుడు మాత్రమే ఉంటుంది. కాబట్టి పొరపాటు మొదటి రోజే, ఇంపోర్ట్ రాసిన నిమిషంలోనే బయటపడుతుంది. నా మటుకు నాకు ఈ కాఠిన్యమే మేలనిపిస్తుంది. ఏళ్ళ తర్వాత, రాసినవాళ్ళు ఉద్యోగం మారాక తగిలే దెబ్బ కంటే ఇది చాలా చవక.

మావెన్‌లో ఉన్నవాళ్ళు డిపెండెన్సీ ఎనలైజ్ నడిపి చూడాలి. వాడుతూ రాయనివి, రాసి వాడనివి అని రెండు జాబితాలిస్తుంది. మొదటివాటిని వెంటనే పామ్‌లో రాసుకోండి. రెండోవాటిని మాత్రం తొందరపడి కొట్టేయకండి. ఆ పరిశీలన బైట్‌కోడ్ మీద జరుగుతుంది, కాబట్టి రిఫ్లెక్షన్‌తో లోడయ్యే డేటాబేస్ డ్రైవర్‌లాంటివి వాడుకలో ఉన్నా ఆ జాబితాలో పడొచ్చు.