ఫలము దక్కని శ్రమ

ఫలితమునుబట్టి ప్రయత్నమును కొలుచుట లోకమునకు అలవాటు. పరీక్షలో నెగ్గినవాని చదువే చదువు. తప్పినవాడు మేలుకొనిన రాత్రులు ఎవరి లెక్కకును రావు. పంట ఇంటికి చేరిన రైతు నేర్పరి. వాన ముఖము చాటుచేసిన ఏట అదే రైతు అసమర్థుడు. ఈ కొలత న్యాయమైనదేనా? ఫలము దక్కని శ్రమ నిజముగా వ్యర్థమేనా? ఒక క్రీడాకారిణి జీవితము ఈ ప్రశ్నను మన ముందు స్పష్టముగా నిలుపుచున్నది.

ఆరతీ సాహా 1940లో కలకత్తాలో జన్మించెను. పసితనముననే తల్లిని కోల్పోయెను. 1952లో, పన్నెండేండ్లైనను నిండకముందే, హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 200 మీటర్ల ఈతపందెమున భారతదేశము పక్షమున పాల్గొనెను. 1959 ఆగస్టు 27వ తేదీన ఫ్రాన్సు తీరమునుండి ఇంగ్లీషు ఛానలును ఈదుటకు పూనుకొనెను. దారి చూపవలసిన పడవ 40 నిమిషములు ఆలస్యముగా వచ్చెను. అనుకూలమైన సమయము చేజారెను. ఇంగ్లండు తీరము ఇక 5 మైళ్ళు ఉన్నదనగా ప్రవాహము ఎదురు తిరిగెను. గంటలకొలది పోరాడినను ఆమె రెండు మైళ్ళకు మించి ముందుకు సాగలేకపోయెను. ఈదుటకు ఆమె సిద్ధముగనే యున్నను, పడవవారి ఒత్తిడిచే విరమింపవలసి వచ్చెను. నెల దాటిన పిమ్మట, సెప్టెంబరు 29న, మరల నీటిలో దిగి 16 గంటల 20 నిమిషములు ఈది తీరము చేరెను. ఆ జలసంధిని ఈదిన ఆసియా స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. 1960లో ఆమెకు పద్మశ్రీ లభించెను.

ఆ రెండు దినములలోను ఈదినవి ఆ చేతులే. ఓర్చినది ఆ చలినే. అట్లయ్యు ఒకటి ఓటమి యనియు, మరియొకటి విజయమనియు పేరొందినవి. భగవద్గీత 18వ అధ్యాయము కర్మసిద్ధికి ఐదు హేతువులను పేర్కొనుచున్నది. కర్త వానిలో ఒకడు మాత్రమే, ఐదవది దైవము. పడవ ఎప్పుడు వచ్చునో, ప్రవాహము ఎటు తిరుగునో ఈదువారి వశములో లేదు. తన వశములో లేనిదానికి గర్వించుటయు, క్రుంగుటయు రెండును అవివేకమే.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. రెండవసారి గెలిచినందుననే గదా మొదటి ఓటమిని మనము గౌరవముతో తలచుకొనుచున్నాము? మరల అవకాశమే రానివారి మాట యేమి? ఈ ఆక్షేపణ బలమైనది. దీనికి సమాధానము విజేతల చరిత్రలో దొరకదు. పేరులేని కార్మికుల జీవితములో దొరకును.

ఆరతి రైల్వేలో ఉద్యోగము చేసెను. బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన పట్టణమే ఖరగ్‌పూర్. పందొమ్మిదవ శతాబ్ది చివర రైలుమార్గము పడినది మొదలు తెలుగువారు అనేకులు జీవనోపాధికై అచటికి చేరి, తరతరములుగా స్థిరపడిరి. అచటి రైల్వే వర్క్‌షాపులో చక్రమును సరిచూచి, మరను బిగించువాడు ఆ బండి గమ్యము చేరుటను ఎన్నడును చూడడు. అందు పయనించువారికి అతని పేరు తెలియదు. తాను చూడని తీరమునకై అతడు ప్రతిదినము శ్రమించును. అయినను వేలమంది ప్రాణములు అతని బిగింపుపై ఆధారపడి యున్నవి. ఫలము తనది కాదుగదా యని అతడు మరను వదులుగా విడిచినచో అది వైరాగ్యము కాదు, అపరాధము. ఫలాపేక్షను విడుచుట వేరు, శ్రద్ధను విడుచుట వేరు.

ఈత, సైకిలు, పరుగు మూడింటిని ఒకే దినమున ముగింపవలసిన ట్రయథ్లాన్ క్రీడలోను ఈ భేదము కనబడును. హవాయి ద్వీపమున జరుగు పోటీలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు ప్రయాణము, 42 కిలోమీటర్ల పరుగు ఉండును. ఇంగ్లండు వనిత క్రిస్సీ వెల్లింగ్టన్ 2007, 2008, 2009 సంవత్సరములలో అచట వరుసగా గెలిచెను. 2010లో పోటీనాటి ఉదయమున అస్వస్థతచే తప్పుకొనెను. 2011లో, సైకిలుపైనుండి పడిన గాయములు మానకముందే పాల్గొని నాల్గవసారి గెలిచెను. సాగుట ఎంత కర్మయో, విరమింపవలసినప్పుడు విరమించుటయు అంతే కర్మ. బిరుదు నిలుపుకొనవలెనను ఆశకు లొంగినవానికి ఆ విరమణ సాధ్యము కాదు.

కావున ప్రయత్నమునకు రెండు ఫలములు కలవు. బయటి ఫలము పదిమంది చేతులలోను, ప్రవాహముల దిశలోను ఉన్నది. అది దక్కవచ్చును, దక్కకపోవచ్చును. లోపలి ఫలము ఓర్పు, ఏకాగ్రత, భయమును దాటుట. అది శ్రమించిన క్షణముననే శ్రమించినవానికి చెందును. ఆగస్టు 27న ఆరతికి తీరము దక్కలేదు. ఆ లోపలి ఫలము మాత్రము దక్కెను. సెప్టెంబరు మాసము రాకపోయినను అది ఆమెదే.

పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన బాలుని, పంట పోయిన రైతును చూచినప్పుడు మనము మొదట అడుగవలసినది ఏమి దక్కినదని కాదు, ఎట్లు శ్రమించితివని. ఆ ఒక్క ప్రశ్న వారిని మరల నీటిలో దిగునట్లు చేయగలదు. దిగలేనివారికి, తమ శ్రమను గుర్తించినవారు ఒకరైనను కలరను ధైర్యము నొసగును.