విరామంలో వాటా

భూపాలపల్లి కార్మికవాడల్లో సింగరేణి బొగ్గుగనుల కొలువు నుంచి దిగిపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి వయసు నిండడం. 2021 వరకు అది 60 ఏళ్లు, ఆ ఏడాది నుంచి 61. రెండోది అంతకు ముందే, సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే, కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ముందు నిలబడి, బాయిలో దిగడానికి ఈ ఒళ్లు ఇక పనికిరాదని తేల్చించుకుని రావడం. అక్కడ దాన్ని ‘అన్‌ఫిట్’ అనే ఒక్క మాటతో చెప్పేస్తారు. అన్‌ఫిట్ అయినవాడి కొడుక్కి కారుణ్య నియామకం వస్తుంది. యాభై దాటిన తండ్రి ఇంట్లో ఉండిపోతాడు, పాతికేళ్ల కొడుకు మస్టర్ (హాజరు) కోసం గనికి పోతాడు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఇరవై ఏళ్ల సర్వీసు నిండాక స్వచ్ఛంద విరమణ తీసుకున్న ప్రభుత్వ ఉద్యోగి పరిస్థితి పైకి వేరుగా కనిపిస్తుంది కానీ, అతని ముందు ఉన్నదీ అదే ప్రశ్న. సన్మానం, శాలువా, దండలు ఒక్క పూటలో అయిపోతాయి. ఆ తర్వాత వచ్చేది మామూలు రోజు. పొద్దున లేవడానికి తొందర లేదు, సాయంత్రం తిరిగి రావాల్సిన పని లేదు. ఈ తీరిక ఎవరిది? సంపాదించింది ఆయనే కాబట్టి ఆయనదే అని మనం అడగకుండానే ఒప్పేసుకుంటాం. అది ఆ ఇంటి ఉమ్మడి సొత్తు అనీ, జీతంలో వాటా ఉన్నట్టే విరామంలోనూ ఇల్లాలికి వాటా ఉందనీ నా వాదన.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పదవీ విరమణ వయసును ప్రకృతి పెట్టలేదు, మనుషులు కూర్చుని రాసుకున్నారు. 1889లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చినప్పుడు వయసు 70 అని పెట్టింది. 1916లో దాన్ని 65కు దించారు. మన దగ్గర 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని 55 చేసింది, తర్వాత మళ్ళీ 58 అయింది. తెలంగాణలో 2021 మార్చిలో అది 61కి చేరింది. అదే రాష్ట్రంలో ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించడం 2022లో అమలైంది. అంటే ఒకే ఊళ్ళో ఆఫీసులో కూర్చున్న మనిషి 61 దాకా పనికొస్తాడు, కూలి చేసే మనిషి 57కే ముసలివాడు. అయినా నెలకు 2,016 రూపాయలతో ఆ కూలి మనిషికి విరామం దొరకదు. మహబూబాబాద్ చుట్టుపక్కల మిరప ఏరే కాలంలో చేలల్లో వంగిన నడుముల్లో అరవై దాటినవి ఎన్నో ఉంటాయి. కాబట్టి విరామమనేది కొందరితో చేసుకున్న ఒప్పందం. ఒప్పందమన్నాక ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు అని అడగక తప్పదు. కూలీని సగం వదిలేశారు. ఇల్లాలిని మొత్తంగా వదిలేశారు.

వదిలేయడమేమిటి, ఆమె ఉద్యోగం చేయలేదుగా అనేవారుంటారు. బొగ్గుబాయి కుటుంబాన్నే తీసుకుందాం. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి నిషేధించింది, 2019లో గానీ ఆ నిషేధం సడలలేదు. అన్నేళ్లూ కింద దిగినవాళ్ళు మగవాళ్ళే. కానీ ఆ మూడు షిఫ్టులూ క్వార్టర్‌లోని వంటింట్లో కూడా నడిచాయి. మొదటి షిఫ్టుకు సద్ది కట్టాలంటే చీకటితోనే పొయ్యి వెలగాలి. రెండో షిఫ్టైతే అర్ధరాత్రి వేడి అన్నం పెట్టడానికి మేలుకోవాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలంటే పిల్లల గొంతు లేవకుండా, గిన్నె చప్పుడు కాకుండా ఇల్లంతా కాపు కాయాలి. బొగ్గు మసి పట్టిన బట్టలు విడిగా నానబెట్టి ఉతకాలి. వారం వారం మారే షిఫ్టులకు ఆయన ఒళ్లు ఎంత నలిగిందో ఆమె ఒళ్లూ అంతే నలిగింది. ఆయన పని మస్టర్‌లోకి ఎక్కింది, ఆమె పని ఎక్కలేదు. ఇద్దరి మధ్య తేడా అంతే.

ఎక్కని ఆ లెక్కను దేశం మొదటిసారి పెద్ద ఎత్తున తీసింది 2019లో. జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటిపనిలో అసలు చేయిపెట్టిన మగవాళ్ళ లెక్కే. వాళ్ళు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ, అంతే. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో తీర్పిస్తూ గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనని చెప్పినప్పుడు, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ తన విడి అభిప్రాయంలో ఈ అంకెలనే ముందు పెట్టారు. 2024లో సర్వే మళ్ళీ చేస్తే ఆడవాళ్ళకు 289, మగవాళ్ళకు 88 నిమిషాలని తేలింది. ఆమెకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే ఆయనకూ తొమ్మిది తగ్గాయి. 202 నిమిషాల తేడా 201 అయింది. ఐదేళ్లలో మిక్సీలు, కుక్కర్లు, గ్యాసు పొయ్యిలు, ఇంటింటికీ నల్లాలు పెరిగాయి. పనిని పంచుకోవడం మాత్రం పెరగలేదు. యంత్రాలు తెచ్చిన తీరికను ఇద్దరూ ఎవరికి వారు తీసుకున్నారు తప్ప, ఒకరి బరువు ఇంకొకరి మీదికి అంగుళం కూడా జరగలేదు.

మరి జీతం విషయంలో సమాజం ఏం ఒప్పుకుంది? ఉద్యోగి పోయాక భార్యకు పింఛనులో ఒక భాగం వస్తుంది. బొగ్గు గనుల్లోనైతే కుటుంబ పింఛను పథకమే ముందు, 1971లో, వచ్చింది. కార్మికుడు బతికుండగా అందుకునే పింఛను పథకం దాని స్థానంలో వచ్చింది 1998లో. ఆ సంపాదన ఒక్కడిది కాదని, వెనక ఒక ఇల్లు నిలబడిందని చట్టమే గుర్తించినట్టు కదా ఇది. కానీ ఆ గుర్తింపు అందేది ఆయన కన్నుమూశాక. ఆయన బతికుండి, ఇంట్లో ఎదురుగా కూర్చున్న ఇరవై ఏళ్లలో ఆమెకు దక్కాల్సిన వాటా గురించి ఏ చట్టమూ మాట్లాడదు. కుటుంబ పింఛను ఉంది, కుటుంబ విరామం లేదు. ఆ లోటును పూడ్చగలిగేది ఇల్లే.

పైగా విరమణ తర్వాత ఆమె పని తగ్గకపోగా పెరుగుతుంది. ఆయన డ్యూటీకి పోయిన రోజుల్లో మధ్యాహ్నం ఆమె పొద్దుటి అన్నమే ఇంత కూరతో తిని ఊరుకునేది. ఇప్పుడు ఒంటిగంటకు వేడిగా ఉండాలి. పదకొండుకో చాయ్, నాలుగింటికో చాయ్, చూడడానికి వచ్చిన పాత దోస్తులకు ఇంకో చాయ్. పగలంతా టీవీ ఉన్న గదిలో ఆయనే ఉంటే, ఆమె నడుం వాల్చే గంట కూడా పోతుంది. ఎండాకాలం డాబా మీద మిరపకాయలు పోశారనుకుందాం. ఏడాదికి సరిపడా కారం అది. ఎండకు తిప్పాలి, మబ్బు పడితే ఎత్తాలి, తొడిమెలు తీయాలి, తాలుకాయలు ఏరి పక్కన పెట్టాలి, చేతులు మండుతుంటే నూనె రాసుకోవాలి, గిర్నీకి పంపేముందు మరోసారి ఎండ చూపించాలి. ఇందులో ప్రతి పనినీ చెబితే ఎవరైనా చేస్తారు. మబ్బు పడుతోందని కనిపెట్టడం, ఈ ఏడు ఎన్ని కిలోలు కావాలో గుర్తుంచుకోవడం, గిర్నీ ఖాళీగా ఉండే పూట తెలుసుకోవడం మాత్రం చెబితే అయ్యేవి కావు. చెప్పినప్పుడల్లా చేసే మనిషి ఉంటే ఆమె చేతులకు కొంత ఊరట. తలమీది బరువు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి పంచుకోవడమంటే ఒక పనిని గుర్తుపెట్టుకోవడం నుంచి ముగించడం దాకా మొత్తంగా నెత్తినేసుకోవడమే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం చాలా న్యాయమైనది. ముప్పై ఏళ్లు భూమి కింద దుమ్ము మింగి, మోకాళ్ళు అరిగి, అన్‌ఫిట్ అని రాయించుకుని వచ్చినవాణ్ణి చీపురు పట్టమంటారా? నిజంగా శరీరం విరిగినవాడికి విశ్రాంతి హక్కు, అందులో రెండో మాట లేదు. కానీ శరీరమే ప్రమాణమైతే ఆ ప్రమాణం ఇద్దరికీ ఒకటే కావాలి. ఆమె మోకాళ్ళను పరీక్షించే మెడికల్ బోర్డు ఏదీ లేదు. నడుం నొప్పితో వంగలేని మనిషి వాకిలి ఊడుస్తుంటే ఆమెను అన్‌ఫిట్ అని ఎవరూ రాయరు. ఇద్దరి ఒళ్లూ అలిసినప్పుడు, ఎవరికి ఏది చేతనవుతుందో చూసి పంచుకోవడమే న్యాయం. నిలబడలేనివాడు కూర్చుని కూరగాయలు తరగగలడు, పప్పు ఏరగలడు, మందుల లెక్క చూడగలడు.

రెండో అభ్యంతరం ఇంట్లోంచే వస్తుంది. ఆడవాళ్ళే మగవాళ్ళను వంటింట్లోకి రానివ్వరని, వస్తే పని రెట్టింపవుతుందని అంటారు. ఇందులోనూ నిజముంది. నలభై ఏళ్లుగా ఆమెకు దక్కిన ఒకే ఒక అధికారం ఆ నాలుగు గోడల మధ్యే ఉన్నప్పుడు, తీరిక దొరికిన మనిషి వచ్చి నూనె ఎక్కువైందని, డబ్బాలు ఇలా సర్దాలని పెత్తనం మొదలుపెడితే ఆమెకు కోపం రాక ఏమొస్తుంది? అయితే తప్పు వచ్చినందుకు కాదు, వచ్చిన తీరుకు. సింగరేణిలో కొత్తగా చేరినవాణ్ణి వృత్తి శిక్షణ కేంద్రంలో (వీటీసీ) శిక్షణ ఇవ్వకుండా గనిలోకి దింపరు. తెలిసినవాళ్ళ వెనక నడిచి, పద్ధతి నేర్చుకుని, ఆ తర్వాతే సొంతంగా పని పట్టుకుంటాడు. వంటింట్లోకీ అలాగే, కొత్త కార్మికుడిలా దిగాలి. మొదటి నెల ఉప్పు ఎక్కువవుతుంది, అన్నం మాడుతుంది. ఆమెకూ పెళ్లైన కొత్తలో అలాగే అయింది. అప్పుడు ఆమెను ఎవరూ పని మానేయమనలేదు.

మూడో మాట, కోడలు వచ్చిందిగా, అత్తకు ఇక విశ్రాంతే కదా అని. దీన్ని జాగ్రత్తగా చూడాలి. బాయి కొలువు తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే వంటిల్లు అత్త నుంచి కోడలికి వస్తుంది. కానీ కొడుక్కి జీతం వస్తుంది, సెలవులొస్తాయి, రేపు పింఛనూ వస్తుంది. కోడలికి వచ్చేది బరువు ఒక్కటే. ఒక ఆడమనిషి విరామాన్ని ఇంకో ఆడమనిషి భుజం మీద పెట్టడం పంచుకోవడం అవదు, అదే అన్యాయాన్ని మరో తరానికి బదిలీ చేయడం అవుతుంది. ఇంట్లో ఉద్యోగం నుంచి దిగిపోయిన మగమనిషి చేతులు ఖాళీగా ఉండగా, పసిపిల్లతో సతమతమయ్యే కోడలు ఇంకో ఆరుగురికి వండడానికి కారణం మన అలవాటు తప్ప మరేదీ కాదు.

నాలుగో అభ్యంతరం పెద్ద ఆదర్శాలది. తీరిక దొరికిన మనిషి సమాజానికి పనికిరావాలి కానీ ఇంట్లో గిన్నెలు కడుగుతూ కూర్చోవాలా? భూపాలపల్లి జిల్లాకు పేరైన ప్రొఫెసర్ జయశంకర్‌నే చూపిస్తారు. ఆయన 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా చేసి, ఆ తర్వాతి జీవితమంతా, 2011లో కన్నుమూసేదాకా, తెలంగాణకే ఇచ్చారు. అంతటి మనిషి ముందు తలవంచాల్సిందే. కానీ ఆయన పెళ్లి చేసుకోలేదు. సంసారం పెట్టుకున్నవాళ్ళు ఆయన పేరు చెప్పి రోజంతా సంఘాల్లో, సభల్లో గడిపితే, ఆ సేవకు కావలసిన సమయం ఇల్లాలి పగటి నుంచే వస్తుంది. అప్పుడు త్యాగం చేసింది ఆమె, పేరు ఆయనది. ఇంకొందరు వానప్రస్థాన్ని గుర్తుచేస్తారు. తల నెరిసి, మనవణ్ణి చూశాక అడవికి పొమ్మని మనుస్మృతి చెప్పింది నిజమే. భార్యను కొడుకులకు అప్పగించైనా పోవచ్చు, వెంట తీసుకునైనా పోవచ్చు అంది. ఆ ఏర్పాటులో కూడా ఆమెకంటూ ఒక విరామం లేదు, ఆయన విరామానికి అనుబంధంగానే ఉంది. ప్రజాసేవ, భక్తి, చదువు అన్నీ ఉండాల్సినవే. ఇద్దరికీ ఉండాలి. ఆమెకూ మహిళా సంఘం ఉంది, గుడి ఉంది, ఎన్నడూ పూర్తి చేయలేని పుస్తకం ఉంది, పుట్టింట్లో నాలుగు రోజులు ఉండాలన్న కోరిక ఉంది.

ఇదంతా ముందుగా దిగిపోయినవారికే ఎందుకు చెప్పాలి? వాళ్ళకు ఇంకా శక్తి ఉంది కాబట్టి. యాభై అయిదు, అరవై మధ్య మనిషి బరువెత్తగలడు, నేర్చుకోగలడు, అలవాటు మార్చుకోగలడు. డెబ్బై అయిదు దాటాక ఇద్దరికీ ఇంకొకరి సాయం కావాలి, అప్పుడు పంచుకోవడానికి ఏమీ మిగలదు. ముందస్తు విరమణ ఇచ్చే అసలు కానుక ఆ పదిహేను, ఇరవై ఏళ్లు. పింఛను చాలక మళ్ళీ ఏదో పనికి పోయేవాళ్ళున్నారు, ధరలతో పాటు పెరగని బొగ్గుగని పింఛనుతో అది తప్పదు కూడా. అలాంటి ఇంట్లో కూడా ఒక పూట ఆయనది కావచ్చు. పొద్దుటి వంటో రాత్రి వంటో పూర్తిగా ఆయనది, వారానికి ఒక రోజు ఆమెకు పూర్తి సెలవు, ఏడాదికోసారి ఆమె ఇంట్లో లేకుండా ఇల్లు నడిచే కొన్ని రోజులు. వీటికి జీవో అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. జీతాన్ని ఇద్దరూ కలిసి తిన్నప్పుడు తీరికను ఒక్కరే తినడం న్యాయం కాదని ఒప్పుకుంటే చాలు. ఒప్పుకున్న మర్నాటి పొద్దున ముందు లేవాల్సింది ఎవరో ఆ ఇంట్లో వేరే చెప్పనక్కర్లేదు.