చీటీ కట్టిన చెట్టు

పండగ కోసం ప్రాణమున్న చెట్టును నరకవచ్చా? ఈ ప్రశ్నకు అమెరికా అటవీశాఖ దగ్గర చాలా సూటి జవాబుంది: 20 డాలర్లు కట్టి చీటీ తీసుకుంటే నరకవచ్చు. కొలరాడోలో, డెన్వర్‌కి నైరుతిగా, పైక్ నేషనల్ ఫారెస్ట్‌లో బఫెలో క్రీక్ అనే ప్రాంతం ఉంది. ఏటా థాంక్స్‌గివింగ్ దాటాక కొన్ని రోజులపాటు, శాఖవాళ్ళు గీసిన హద్దుల లోపల, చీటీ ఉన్నవాళ్ళు తమకు నచ్చిన చెట్టు కొట్టి తెచ్చుకోవచ్చు. మొదలు మందం ఆరంగుళాలు మించకూడదు. మోడు నేలకు దగ్గరగా ఉండాలి. పెద్ద చెట్టు తల మాత్రం నరికి తెచ్చుకుంటామంటే కుదరదు. కొట్టాక చీటీని చెట్టుకు కట్టి మరీ బండెక్కించాలి.

ఇంత స్పష్టమైన జవాబు దొరికాక కూడా ప్రశ్న తీరకపోవడం ఏమిటన్నది నన్ను కొంతకాలంగా పట్టుకుని ఉంది.

మేము ఐదు కుటుంబాలవాళ్ళం, ఐదు బళ్ళు. అందరూ తెలుగువాళ్ళే. బాపట్ల నుంచి వచ్చిన ఒక కుటుంబానికి క్రిస్మస్ ఆరాధన. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సరుగుడు కొమ్మ తెచ్చి, రంగు కాగితాలు అతికించి, గుమ్మానికి నక్షత్రం కట్టినవాళ్ళు. మిగిలిన నాలుగిళ్ళలో క్రిస్మస్ అంటే పిల్లలు, సెలవులు, దీపాలు. డిసెంబరు మొదటి శనివారం పొద్దున్నే తారురోడ్డు అయిపోయినచోట బళ్ళు ఆపి, టైర్లలో గాలి కొంత తగ్గించుకుని, వాకీటాకీలు సరిచూసుకుని, మంచులో ఫారెస్టు రోడ్డు ఎక్కాం. వెనక సీట్లో పులిహోర డబ్బాలు, టీ ఫ్లాస్కులు, రెండు చేతిరంపాలు.

దీన్ని ఇక్కడ 'ఆఫ్ రోడ్' వెళ్ళడం అంటారు. తమాషా ఏమిటంటే, ఆ సరదాలో మొట్టమొదటి నియమం రోడ్డు దిగకూడదనే. 2005 నాటి నిబంధన ప్రకారం ఏ దారిలో ఏ బండి తిరగవచ్చో ప్రతి నేషనల్ ఫారెస్టూ పటం వేసి చెప్పాలి. పటంలో లేని చోట చక్రం పెడితే జరిమానా. మనం 'అడవిలోకి' అనుకుంటూ వెళ్ళేది గీత గీసి ఇచ్చిన అడవిలోకే. చెట్టు సంగతీ అంతే. మనకు అడవి ఇచ్చినట్టుంటుంది కానీ, ఇచ్చింది ఒక చీటీ.

ఆ చీటీ దేన్ని ఒప్పిస్తుంది, దేన్ని ఒప్పించదు?

మొదట చట్టం సంగతి. అదే రాష్ట్రంలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ఉంది, 1915లో ఏర్పడింది. దాన్ని ఆనుకునే నేషనల్ ఫారెస్టు ఉంటుంది. పార్కులో కొమ్మ విరిస్తే నేరం, ఫారెస్టులో చీటీ ఉంటే చెట్టే కొట్టుకోవచ్చు. ఎందుకంటే ఒకటి ఇంటీరియర్ శాఖది, ఇంకొకటి వ్యవసాయశాఖది. ఒకదాని ఉద్దేశం ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం, రెండోదాని ఉద్దేశం అడవిని పంటలాగా చూసుకుంటూ వాడుకోవడం. గీతకు ఇటు మొలిచిన విత్తనానికీ అటు మొలిచిన విత్తనానికీ ఈ తేడా తెలియదు. చట్టం మన మధ్య తగాదాలు రాకుండా చూస్తుంది. మనకూ చెట్టుకూ మధ్య ఉన్నదాని గురించి అది మాట్లాడదు.

పైగా ఆ చీటీ ఇచ్చే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కొండలు యూట్ జాతివాళ్ళవి. వాళ్ళలో రెండు తెగలను 1881లో బలవంతంగా యూటాకు పంపేశారు. మనకిది పరాయి కథేమీ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు కొట్టుకునేవాడు తన కొండమీదే నేరస్థుడయ్యాడు. ఆ మంటే 1922-24 నాటి రంప పోరాటం దాకా వచ్చింది. ఇంటి వాసానికి కర్ర కొట్టుకున్న కొండరెడ్డి శిక్షకు పాత్రుడు, సెలవురోజు సరదాకు కొట్టుకునే నేను గౌరవనీయుడైన సందర్శకుణ్ణి. ఇద్దరం చేసిన పని ఒకటే. కాబట్టి 'నా దగ్గర చీటీ ఉంది' అన్న మాట 'నేను తప్పు చెయ్యడం లేదు' అన్న మాటకు సమానం కాదు. దానర్థం నన్నెవరూ పట్టుకోరు అని మాత్రమే.

రెండో సమర్థన దీనికంటే చాలా బలమైనది. ఈ చెట్లు కొట్టడం అడవికే మంచిదంటారు. ఇది సాకు కాదు, నిజం. కొలరాడో ముందువరస కొండల్లో పాండరోసా పైన్లూ డగ్లస్ ఫర్లూ కలిసి పెరుగుతాయి. ఒకప్పుడు తరచు వచ్చే చిన్న చిన్న మంటలు నేలమీది చెత్తనూ చిన్న మొక్కలనూ కాల్చేస్తూ, పెద్ద చెట్లను వదిలేస్తూ పోయేవి. అడవి పలచగా ఉండేది. 1910లో ఐడహో, మోంటానాల్లో 30 లక్షల ఎకరాలు తగలబడ్డాక అటవీశాఖకు నిప్పంటే పగ పట్టుకుంది. ఏ మంట కనబడినా మర్నాడు పొద్దున పది గంటలకల్లా ఆర్పెయ్యాలని 1935లో విధానమే పెట్టుకున్నారు. ఫలితంగా కాలవలసినవి కాలక, మొక్క మీద మొక్క మొలిచి అడవి ఒత్తయిపోయింది. అలాంటి అడవికి నిప్పంటుకుంటే అది నేలమీద పాకదు, కిందికొమ్మలు పట్టుకుని పైకెక్కి చెట్ల తలల మీదుగా పరిగెత్తుతుంది. బఫెలో క్రీక్ దగ్గరే 1996లో సుమారు 12 వేల ఎకరాలు కాలాయి. తర్వాత రెండు నెలలకు వాన పడితే కాలిన కొండ నీళ్ళు పట్టలేక వరదై ఇద్దరి ప్రాణాలు తీసింది. 2002లో హేమన్ కార్చిచ్చుకు 1,38,000 ఎకరాలు పోయాయి. ఆ బూడిదా మట్టీ డెన్వర్ తాగే నీటి జలాశయాల్లోకి దిగాయి.

మన రైతులకు ఇది కొత్త విషయం కాదు. జొన్న చేలోనో పత్తి చేలోనో ఒత్తు మొక్కలు తీసెయ్యకపోతే ఏ మొక్కా ఎదగదు. ఆ పని మీద పాపపుణ్యాల చర్చ ఎవరూ పెట్టరు. మరి క్రిస్మస్ చెట్టు ఒత్తు తియ్యడం లాంటిదే కదా అంటే, ఇక్కడే ఒక మెలిక ఉంది. ఒత్తు తీసే రైతు బక్క మొక్కను పీకి బలమైనదాన్ని ఉంచుతాడు. పండగకు వెళ్ళినవాడు బలమైనదాన్ని కోసుకుని బక్కదాన్ని వదిలేస్తాడు.

అక్కడ సరిగ్గా ఇదే జరిగింది. దారి పక్క పల్లంలో ఒంటరిగా నిలబడ్డ ఒక ఫర్ చెట్టు కనబడింది. అన్ని వైపులా ఎండ తగులుతుంది కాబట్టి నాలుగు దిక్కులా సమానంగా పెరిగి, గోపురం లాగా ఉంది. పిల్లలు దాని చుట్టూ చేరిపోయారు. మా బళ్ళ వరసకు ముందు నడిచే మిత్రుడు మాత్రం, "అన్నా, అది వద్దులే. ఒంటరిగా నిలబడింది, బతికే చెట్టు. పైన గుంపులో చూద్దాం" అన్నాడు. ఇంకో మిత్రుడికి కోపం వచ్చింది. "మందం కొలిచాను, ఐదంగుళాలే. హద్దులోనే ఉంది. చీటీ ఉంది. ఇంక నీ అభ్యంతరం ఏంటి?" వాదన కాసేపు నడిచింది. చట్టం ప్రకారం రెండోవాడిదే గెలుపు. అటవీశాఖవాళ్ళు ఒత్తుగా ఉన్న గుంపుల్లోంచి ఎంచుకోమని సలహా ఇస్తారు, అంతే. సలహాకు జరిమానా ఉండదు. చివరికి ఆ కుటుంబం ఆ చెట్టే కొట్టుకుంది. మేము పైకెళ్ళి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగిన గుంపులోంచి, ఒక వైపు కొమ్మలే లేని గూని చెట్టొకటి తెచ్చుకున్నాం. మా పిల్లలకది నచ్చలేదు. ఆ బోసి వైపును గోడకు తిప్పి నిలబెట్టాం.

నా మిత్రుణ్ణి తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. అతను తీసుకోగలిగినదే తీసుకున్నాడు. నన్ను ఆలోచింపజేసింది వేరు. ఆ రోజు పొద్దున కార్లో మేమందరం ఒకే మాట చెప్పుకున్నాం, 'ఇది అడవికి మంచిదట' అని. ఆ మాట నిజమయ్యేది గుంపులో చెట్టు విషయంలోనే. ఒంటరి చెట్టు విషయంలో అది అరువు తెచ్చుకున్న మాట. ఒక కారణం చెప్పి నేనొక పని చేస్తున్నానంటే, ఆ కారణమే నా చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇష్టం నడిపిస్తుంటే కారణం వెనకాల కూర్చుని సాక్ష్యం చెబుతోందంటే, అది కారణం కాదు, లాయరు. ఈ పరీక్ష చెట్లకే కాదు, చాలావాటికి పనికొస్తుంది. ఆఫీసులో ఎవరినన్నా తప్పించేటప్పుడు 'సంస్థ మేలు' అంటాం. ఆ మేలు నిజంగా ఎవరిని తప్పించమంటోంది, మనం ఎవరిని తప్పిస్తున్నాం అని చూసుకుంటే తేలిపోతుంది.

ఆల్డో లియోపోల్డ్ 1949లో వచ్చిన తన పుస్తకంలో, గొడ్డలి పట్టుకున్న మనిషి ఏ చెట్టును ఉంచుతాడు, ఏది కొడతాడు, ఎందుకు అన్నదాని మీద ఒక అధ్యాయమే రాశాడు. తనకు పైన్ అంటే ఎందుకు పక్షపాతమో కారణాలు వెతుక్కుంటూ పోయి, ఏ కారణమూ పూర్తిగా నిలబడదని నిజాయితీగా ఒప్పుకుంటాడు. అది చదివితే ఒకటి తెలుస్తుంది. గొడ్డలి చేతిలోకి వచ్చాక పక్షపాతం లేకుండా ఉండటం ఎవరివల్లా కాదు. ఉన్న పక్షపాతం ఏదో తెలిసి ఉండటం మాత్రం సాధ్యమే.

ఇక మూడో దారి, క్షమాపణ అడగడం. మన సంప్రదాయంలో ఇది బాగా ఉంది. విగ్రహానికి కొయ్య తెచ్చేటప్పుడు చెట్టునాశ్రయించిన ప్రాణులను బలి స్వీకరించి వేరేచోటికి వెళ్ళమని ప్రార్థించాలని వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉంది. పూరీలో నవకళేబరం వచ్చినప్పుడు, మొన్న 2015లో లాగా, ఎంచుకున్న వేపచెట్టును ముందు బంగారు గొడ్డలితో, తర్వాత వెండి గొడ్డలితో తాకించి, ఆ తర్వాతే ఇనుప గొడ్డలి వాడతారు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో విని పూలు కొయ్యడానికి చెయ్యి రాని తరం ఒకటి మనకు ఉండేది.

వీటిని నేను తేలిక చెయ్యను. గొడ్డలికి ముందు ఒక నిమిషం ఆగడం కొట్టేవాణ్ణి కొంచెమైనా మారుస్తుంది. కానీ ఇందులోనూ ఒక చీటీ దాగి ఉంది. కాదనలేని వాళ్ళను అడిగే అనుమతి అనుమతేనా? 1972లో క్రిస్టొఫర్ స్టోన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు చెట్లకు కోర్టులో నిలబడే హక్కు ఉండాలని వాదించింది ఇందుకే. చెట్టు తరఫున మాట్లాడే మనిషి ఒకడుంటేనే 'వద్దు' అనే జవాబుకు చోటుంటుంది. ఆ రోజు "అది వద్దులే" అన్న మిత్రుడు, తనకు తెలియకుండానే, ఆ చెట్టుకు వకీలు. కేసు ఓడిపోయాడనుకోండి.

ఇదంతా ఎందుకు, తోటలో పెంచిన చెట్టు కొనుక్కోవచ్చుగా, ప్లాస్టిక్‌ది పెట్టుకోవచ్చుగా అని అడగవచ్చు. కొనుక్కోవచ్చు. కానీ తోట చెట్టునూ ఎవరో ఒకరు కోస్తారు, చాలాచోట్ల మెక్సికో నుంచి సీజను పనికి వచ్చిన కూలీలు. ప్లాస్టిక్ చెట్టు ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో తయారై, చివరికి ఎక్కడో ఒక చెత్తదిబ్బలో మిగులుతుంది. వాటితో మనకు దిగులు రాదంటే, అది మన కళ్ళముందు జరగకపోవడంవల్లే. కళ్ళముందు జరిగినదాన్ని చూసి కలిగే దిగులుకు ఒక విలువుంది. ఐతే ఆ దిగులునే పుణ్యమనుకుని మురిసిపోతే అదీ మరో అలంకారమే, చెట్టుకు వేలాడదీసే గాజుబుడ్డి లాంటిది.

ఆ రోజు నాకు అన్నిటికంటే లోతుగా తగిలిన మాట ఒక మిత్రుడి తల్లిది. ప్రకాశం జిల్లా నుంచి కొడుకు దగ్గరికొచ్చి ఉన్నారు. వాళ్ళ ఊళ్ళో జామాయిలు, సుబాబుల్ వేసి కాగితం మిల్లుకు కొట్టిస్తారు. మేము కోసిన మోడు దగ్గర నిలబడి, "ఏరా, మొదలంటా కోశారే, ఇది మళ్ళీ చిగురేస్తుందా?" అని అడిగారు. కొడుకు "లేదమ్మా, ఈ జాతి వెయ్యదు. ఇంతే" అన్నాడు. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే ఇది కొట్టడం కాదురా, తీసెయ్యడం" అన్నారు.

కొట్టడం వేరు, తీసెయ్యడం వేరు. జామాయిలు, సుబాబుల్, వేప, తంగేడు, అన్నీ మోడునుంచి మళ్ళీ లేస్తాయి. మన భాషలో, మన వ్యవసాయంలో చెట్టు కొట్టడమంటే సగం మాటలు దాంతో తెగిపోవడం కాదు, కొంత తీసుకుని మిగిలింది వదలడం. మోడు చిగురించడం మనకు ఒక సామెత స్థాయి నమ్మకం. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకుని ఇక్కడికొస్తే ఇక్కడి ఫర్ దానికి ఒప్పుకోదు. ఆ కోసిన మొదలు మీద మంచు తుడిచి వలయాలు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది దాకా లెక్కతేలింది. నీడలో, పోటీలో, బక్కగా పెరగడం వల్ల బొమ్మంత ఉంది గానీ, వయసులో మా గుంపులో సగంమంది కంటే పెద్దది. మూడు వారాల పండగ, జనవరిలో మునిసిపాలిటీ వాళ్ళు పట్టుకెళ్ళి పొట్టు చేసేస్తారు.

అయినా కొట్టకూడదని నేననను. గుంపులోంచి తీసిన ఆ గూని చెట్టు స్థానంలో దాని పక్కవాటికి ఎండ తగులుతుంది, నీళ్ళు అందుతాయి. అది లెక్కలో ఉన్న మేలే. కానీ ఆ మేలు ఆ చెట్టుకు కాదు. పక్కవాటికి. ఈ రెండింటినీ ఒకే పద్దులో వేసి చెల్లుకు చెల్లు అనడం కుదరదు. ఒకరికి జరిగిన మంచి ఇంకొకరికి జరిగిన నష్టాన్ని కొట్టెయ్యదు. మనుషుల విషయంలో ఈ మాట మనం సులభంగా ఒప్పుకుంటాం. చెట్టు విషయంలో ఒప్పుకోవడానికి అంత వెనకాడక్కర్లేదు.

కాబట్టి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. చీటీ కొనండి, రోడ్డు దిగకండి, గుంపులో ఉన్నదాన్నే చూడండి. ఎవరన్నా 'అది వద్దులే' అంటే ఒక్క నిమిషం ఆగండి. ఇంటికి తెచ్చాక ఎవరైనా అడిగితే 'అడవికి మంచిదని తెచ్చాం' అని చెప్పకండి. 'మాకు కావాలనిపించి తెచ్చాం. అది మళ్ళీ చిగురించదు' అని చెప్పండి. పిల్లల ముందు చెప్పగలిగితే ఇంకా మంచిది.