పతాకయు ప్రాశ్నికుడును

ఒకరి కృతిని వేరొకరు మెచ్చుకొనుట లోకసహజము. కాని యా మెప్పు నిండుసభలో, ఒక రాజ్యము పేరిట, బహుమానరూపమున నీయబడినప్పుడు ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. ఆ గౌరవము కృతికి జరిగినదా? లేక ఇచ్చినవాడు కృతిని నెపముగా జేసికొని తన్ను తానే గౌరవించుకొన్నాడా? ఈ సందేహమును విచారించుటకు ఇటలీదేశమందలి వెనిసు నగరమున ఏటేట జరుగు అంతర్జాతీయ చలనచిత్రోత్సవ చరిత్ర మిక్కిలి యుపకరించునని మా యభిప్రాయము.

ఈ యుత్సవము 1932వ సంవత్సరము ఆగష్టు 6వ తేదీని, లీడో ద్వీపమందలి ఎక్సెల్సియరు హోటలు డాబామీద ప్రారంభమైనది. 1895 మొదలుకొని ఆ నగరమున జరుగుచున్న 'బియెన్నాలె' యను కళాప్రదర్శనమునకు ఇది శాఖగా వెలసినది. మొదటి యేట తీర్పరులు లేరు. ఏ చిత్రము బాగున్నదో చెప్పుడని ప్రేక్షకులనే యడిగి వారి యభిప్రాయమును ప్రకటించిరి. 1934లో ముస్సోలిని పేరిట రెండు కప్పు లేర్పడినవి: ఒకటి స్వదేశ చిత్రమునకు, ఒకటి విదేశ చిత్రమునకు. అప్పటి బియెన్నాలె అధ్యక్షుడగు కౌంటు వోల్పి, అంతకుముందు ముస్సోలిని ప్రభుత్వమున ఆర్థికమంత్రిగా నుండినవాడు. ప్రేక్షకుని నోటనుండి వెలువడిన మెప్పు అధికారి చేతిలోని కప్పులోనికి దిగుటకు రెండేండ్లకన్న నెక్కువ పట్టలేదు.

అయినను ఆ తీర్పరులకు కన్నులు లేవనుటకు వీలులేదు. 1937లో మన ప్రభాత్ కంపెనీవారి 'సంత్ తుకారామ్' అను మరాఠీ చిత్రమును వారు మెచ్చుకొనిరి. యుద్ధఖైదీల కథను గైకొని, సరిహద్దులకన్న మానుషానుబంధము గొప్పదని చూపిన జాన్ రెన్వార్ చిత్రము 'లా గ్రాండ్ ఇల్యూజన్' ఆ యేడే అచ్చటికి వచ్చినది. దానిని జర్మనీలో నిషేధించిరి. వెనిసులో దానికి ముస్సోలిని కప్పు దక్కలేదు గాని, వేరొక బహుమానమైన నిచ్చిరి. మరుసటి యేట ఆపాటి స్వేచ్ఛయు మిగులలేదు. 1938లో విదేశచిత్రపు కప్పు, 1936 నాటి బెర్లిను క్రీడోత్సవమును గూర్చి హిట్లరు ప్రభుత్వధనముతో లేనీ రీఫెన్‌స్టాల్ తీసిన 'ఒలింపియా'కు లభించినది. స్వదేశచిత్రపు కప్పు 'లూచానో సెర్రా, పిలోతా' యను చిత్రమునకు లభించినది. ఆ చిత్రనిర్మాణమును పర్యవేక్షించినవాడు ముస్సోలిని కుమారుడగు విట్టోరియో. ఫ్రెంచి, ఇంగ్లీషు, అమెరికను ప్రతినిధులు నిరసనము తెలిపి తొలగిపోయిరి.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. 'ఒలింపియా'యందలి ఛాయాగ్రహణ నైపుణ్యమును దాని శత్రువులు సైతము కాదనలేదు గదా. యోగ్యమైనదానికే బహుమాన మిచ్చినప్పుడు తప్పెక్కడ నున్నది? ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే లంచము పుచ్చుకొన్న సాక్షి ఒకానొకప్పుడు నిజమే చెప్పవచ్చును. అంతమాత్రమున వాని వాఙ్మూలము సాక్ష్యమగునా? వేరొక విధముగా చెప్పుటకు వానికి స్వేచ్ఛ యుండినప్పుడే వాని మాటకు విలువ. తీర్పును అట్టిదే. కాదనుటకు వీలులేని చోట ఔననుటకు అర్థములేదు. 1938లో జరిగిన యపరాధము ఒక చిత్రమును ఎక్కువగా మెచ్చుటయే కాదు. మెప్పునే యర్థరహితముగా జేయుట. దానివలన యోగ్యుడును నష్టపడినాడు. నిజముగా యోగ్యత గలవానికి ఆ కప్పు వచ్చియుండినను, అది యోగ్యతవలన వచ్చినదని రుజువు చేసికొను మార్గము వానికి లేకపోయినది.

మన పూర్వులు ఈ విషయమును ఆలోచింపకపోలేదు. భరతముని నాట్యశాస్త్రమున నాట్యసిద్ధిని గూర్చిన యధ్యాయమందు, పతాకకొరకు నటులు పోటీపడినప్పుడు తీర్పు చెప్పవలసిన 'ప్రాశ్నికుల' ప్రసంగము కలదు. నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, శబ్దశాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు, గాయకుడు, వేశ్య మొదలగువారు వారిలో నున్నారు. ఒక్కొక్కరు తమకు తెలిసిన యంశమును గూర్చియే చెప్పవలెను. రాజసేవకునికిని అందొక స్థానము కలదు. కాని యది ఉపచారమర్యాదలను గూర్చి చెప్పుటకు మాత్రమే. వీరు రంగమునకు మిక్కిలి దగ్గరగాగాని, మిక్కిలి దూరముగాగాని కూర్చుండరాదు. పండ్రెండు మూరల యెడముండవలెను. ఆ యెడమును మేము కేవలము ఆసనముల కొలతగా నెంచము. మరీ దగ్గర నున్నవానికి స్నేహము, భయము, లాభము అడ్డువచ్చును. మరీ దూరమున నున్నవానికి కృతియే కనబడదు. వెనిసున జరిగినదేమన, రాజసేవకుడు తక్కిన ప్రాశ్నికుల పీఠములన్నియు తానే యాక్రమించుకొనుట.

ఈ రోగమునకు లోకము రెండు చికిత్సలు చేసినది. మొదటిది మర్యాద. వెనిసు నన్యాయమునకు ప్రతిగా ఫ్రాన్సువారు కాన్ నగరమున వేరొక యుత్సవమును సంకల్పించిరి. 1939 సెప్టెంబరు 1వ తేదీని అది ప్రారంభము కావలసియుండగా, ఆనాడే జర్మనీ పోలండుపై దండెత్తుటచే ఆగిపోయి, 1946లో జరిగినది. అప్పుడు ప్రధాన బహుమానమును పదునొకండు చిత్రముల కిచ్చిరి, దేశమున కొక్కటి చొప్పున. మన చేతన్ ఆనందు చిత్రము 'నీచా నగర్' అందొకటి. ఆ గౌరవమునకు మనము సంతోషింపవలసినదే. యుద్ధముచే చీలిపోయిన దేశములను ఒక పంక్తిని కూర్చుండబెట్టుట సత్కార్యమే. కాని పంక్తిభోజనము వేరు, పరీక్ష వేరు. దేశమునకొక విస్తరి వేసినచోట ఏ కృతి యెట్టిదో తెలియుటెట్లు? భయముచేత నొకనిని మెచ్చుటయు, మొగమాటముచేత నందరిని మెచ్చుటయు తీర్పును తప్పించుకొను రెండు దారులే.

రెండవ చికిత్స ఉపవాసము. 1968లో విద్యార్థులును, చలనచిత్రకారులును చేసిన యాందోళనము తరువాత, వెనిసువారు 1969 మొదలు 1979 వరకు ప్రధాన బహుమానమగు బంగారు సింహమును ఎవ్వరికిని ఈయలేదు. పోటీ యున్నంతకాలము కల్మషముండును గనుక పోటీయే వలదని వాదము. వినుటకిది వైరాగ్యమువలె నున్నది. కాని తీర్పరి మౌనము వహించినంతమాత్రమున లోకమున తీర్పు ఆగిపోదు. టిక్కెట్టు అమ్మువాడును, ప్రకటనలు వేయువాడును ఆ పీఠ మెక్కి కూర్చుందురు. 1980లో సింహము మరల వచ్చినది. రావలసినదేయని మా తలంపు.

ఏలయన, తగిన యెడమున నిలిచిన తీర్పు చేయగల మేలును ఆ నగరమే చూపినది. 1951లో ఆ సింహము కురొసావా తీసిన 'రాషొమన్'కు వచ్చినది. నాటి జపాను యుద్ధమున నోడి పరదేశసైన్యముల యధీనమున నున్నది. భయపెట్టుటకుగాని, ఆశపెట్టుటకుగాని దానికి శక్తి లేదు. 1957లో సత్యజిత్ రాయి 'అపరాజితో'కు వచ్చినది. తల్లిని విడిచి చదువునకై పట్టణమునకు పోయిన కొడుకు కథ యది. స్వరాష్ట్రమగు వంగదేశమున అంతగా నాదరణ నందలేదు. తల్లియెడ కొడుకునకు గలుగు విసుగును తెరమీద చూచుట దగ్గరివారికి కష్టమైనదేమో. దూరపువారు అందలి సత్యమును గుర్తించిరి.

అయితే దీనినిబట్టి పరదేశపు ముద్ర పడినదే గొప్ప యనుకొనుట మరియొక దాస్యము. మన చిత్రమునకు ఐరోపాలో బహుమానము వచ్చినదని పత్రికలో చదివిన పిమ్మటనే దానిని చూడబోవు చదువరుల కుటుంబములు మనలో పెక్కులు కలవు. కప్పు నిచ్చినదెవరు, ఏ కారణము చెప్పి యిచ్చిరి, ఈయకున్న వారికి నష్టమేమైన నుండెనా యని మన మడుగము. మన యూళ్ల సభలలోను ఈ జాడ్యమే కలదు: బహుమానపు ఖర్చు భరించిన దాత కుమారునకే ప్రథమ బహుమానము వచ్చినప్పుడు చప్పట్లు కొట్టి యింటికి పోవుచున్నాము.

వెనిసులో ముస్సోలిని కప్పు అంతరించినది. నటీనటుల కీయబడు ఉత్తమ బహుమానములు మాత్రము నేటికిని వోల్పి పేరిటనే యున్నవి. పేరు మార్చవలెనా యన్నది ఆ నగరమువారి విచారము. ఏ కప్పుమీద నెవరి పేరున్నదో, ఏల యున్నదో తెలిసికొనుట మాత్రము చూచువారందరి ధర్మము. మన యిండ్లలోను ఒక చిత్రమును చూచి వచ్చిన రాత్రి, పత్రికలోని తీర్పును తెరువకముందే, నీకేమి తోచినది, ఏల తోచినదని యొకరినొకరు అడుగుకొందము. పిల్లలనుగూడ అడుగుదము. వారు కాదన్నప్పుడు కోపపడక విందము. తీర్పు చెప్పుట కలవాటుపడిన జనము నెదుట అధికారియిచ్చు కప్పు ఒట్టి లోహమే యగును.