శునక పోషణము – గృహస్థ ధర్మము

ఇంట కుక్కను పెంచవచ్చునా యను ప్రశ్న మన కుటుంబములలో వెనుకటి దినములయందు శౌచమునకు సంబంధించిన ప్రశ్నగా మాత్రమే ఉండెడిది. కుక్క తాకిన మడి చెడునా, లింగపూజ జరుగు గదిలోనికి అది రావచ్చునా యని పెద్దలు తర్కించెడివారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో ఒక శివభక్తుడు కుక్కచేత వేదము చదివించిన వృత్తాంతము చెప్పి, పుట్టుకనుబట్టి అల్పమని త్రోసివేయు బుద్ధికి ఎన్నడో సమాధానమిచ్చియున్నాడు. కావున ఆ తర్కమును ఇచట పెంచను. నేడు మన యెదుట నున్న ప్రశ్న వేఱు. కుక్కవలన మనకు దోషమా యని కాదు. మనవలన కుక్కకు ద్రోహము కలుగునా యని.

మేళ్లచెరువు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సిమెంటు కర్మాగారములును బియ్యపు మిల్లులును వెలసిన పిమ్మట క్రొత్త ఇండ్లు లేచినవి. ఇంటితోపాటు జాతికుక్క కూడ ఉండవలెనను కోరిక పుట్టినది. పిల్లలు ముచ్చటపడుదురు, తండ్రి దొంగల భయము చెప్పును, కుక్కపిల్ల ఇంటికి వచ్చును. ఈ జాతి ఏ పని కొఱకు ఏర్పడినదని మాత్రము ఎవరును అడుగరు.

జర్మన్ షెపర్డు పేరులోనే గొఱ్ఱెలకాపరి యున్నాడు. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అను నాతడు మందలను కాయు కుక్కలనుండి 1899లో ఈ జాతిని స్థిరపఱచెను. దినమంతయు మందచుట్టు తిరుగుట దాని పని. నేడు రక్షణ దళములలో ప్రేలుడు పదార్థములను పసిగట్టుచున్న బెల్జియన్ మాలినోయిస్ కూడ తొలుత మందకుక్కయే. ముధోల్ వేటకుక్క మనకు పరాయిది కాదు. కూడలసంగమమున్న బాగల్‌కోట జిల్లాలోనిదే. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్లను వెలువరించినది; 2016లో సైన్యము ఆ జాతి పిల్లలను మీరట్‌లో శిక్షణకు తీసికొన్నది. ఇవి యన్నియు పనికై తరతరములుగా ఏర్చి కూర్చిన దేహములు.

కల్యాణములో నులియ చందయ్య త్రాళ్లు పేనెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను. శరణులకు కాయకము జీవనోపాధి మాత్రమే కాదు, వారి యునికియే అది. మనుష్యునకు చెప్పిన మాటను జంతువునకు అన్వయించుట సాహసమని కొందఱనవచ్చును; అననిండు. శివరాత్రికి మన శంభులింగేశ్వరస్వామి జాతరలో బండలాగు ఎడ్లను చూచినవారికి ఈ సంగతి తెలియును. వాటి యజమానులు ఏడాది పొడుగునను వాటిని నడిపింతురు, సాధన చేయింతురు. పందెపుటెద్దును కొని, వాకిట అందమునకు కట్టియుంచువాడు మన ఊరిలో లేడు. కుక్క విషయమున ఆ వివేకము ఏల నశించినది?

ఎఱిగిన కుటుంబమొకటి జర్మన్ షెపర్డు పిల్లను గూర్చి నన్నడిగినది. భర్తకు షిఫ్టుల ఉద్యోగము, పిల్లలిద్దఱకు ఏడు గంటలకే బడి బస్సు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. తెల్లవాఱుజామున ఐదింటికి ఒక గంట, సాయంకాలము మఱియొక గంట దానిని పరుగెత్తించువా రెవరని యడిగితిని. అందఱును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. "నన్ను నడిపించువారే లేరు నాయనా" అని అత్తగారు నవ్వినది.

పని లేని పనికుక్క ఊరక కూర్చుండదు. తన పనిని తానే కల్పించుకొనును. చెప్పులు కొఱుకును, గుంటలు త్రవ్వును, ఆడుకొను పిల్లలను మందగా భావించి మడమలు పట్టి మళ్లించును. మన మందఱము దానిని అల్లరి యందుము. పిదప గొలుసు వచ్చును. వైశాఖ మాసపు 44 డిగ్రీల యెండలో, సిమెంటు గచ్చుపై, మందపు బొచ్చుతో అది కట్టుబడి యుండును. ఎల్లప్పుడును కట్టివేసియుంచిన కుక్కకు తగిన వ్యాయామము కలిగింపకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టములోని 11వ విభాగము ప్రకారము నేరము. తొలి తప్పునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది వఱకు. రెండు ఫలహారముల వెల కూడ కాదు! చట్టము భయపెట్టలేనిచోట మనస్సే అడ్డుపడవలెను.

ఇక ఆహారము. శాకాహారులమైన మనకు ఇదియే చిక్కుముడి. తోడేలుకంటె కుక్కకు పిండిపదార్థములను జీర్ణించుకొను శక్తి హెచ్చని 2013లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చినది. పెద్దకుక్కను పాలు, పెరుగు, పప్పులతో పశువైద్యుని సలహాపై పోషింపవచ్చును. కాని ఎదుగుచున్న పెద్దజాతి పిల్లకు మాంసకృత్తులు మిక్కిలి కావలెను. మిగిలిన పెరుగన్నము పెట్టి దాసోహము చేసితి మనుకొనుట తగదు. ఉల్లిపాయలు పడిన పులుసన్నము దాని రక్తమునకే హాని. ఇంటిలోనికి మాంసము రానీయమను నియమము మనది. దాని ఆకలిని మనము తీసికొనివచ్చుచున్నాము. రెండును పొసగవని తోచినచో నియమమును విడువనక్కఱలేదు, కుక్కను బలిచేయనక్కఱలేదు. ఆ జాతిని తేకుండుటయే తిన్నని త్రోవ.

కృష్ణ యొడ్డున తోట యుండి, చీకటితో లేచి గట్లవెంట తిరుగు రైతు అట్టి కుక్కను పెంచిన నేను సంతోషింతును. గొఱ్ఱెలకాపరులకు చెప్పవలసిన పనియే లేదు. రెండు వందల గజముల ఇల్లు గలవారికి మన వీధిలో పుట్టిన నాటుపిల్ల చాలును. అది మన యెండకు అలవాటుపడినది. మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, ఏటేటను మరల వేయించుచు రావలెను. పండ్రెండు, పదునాలుగేండ్లు బ్రతుకవచ్చును. నేడు ఐదవ తరగతి చదువు పిల్లవాడు ఉద్యోగములో చేరుదాక అది తోడుండును. ఆ భారము మాత్రము దేనికైనను తప్పదు.

అయినను జాతికుక్కయే కావలెనని పట్టుపట్టు పిల్లలకు నేనొక పరీక్ష చెప్పుచుందును. ముందుగా త్రాడు మాత్రము కొనుడు. ఒక నెల దినములు ఐదు గంటలకు లేచి, ఆ త్రాడు చేతబట్టుకొని చెఱువుకట్టదాక పోయి రండు. తప్పిన ఉదయములను గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుడు. నెల ముగిసిన పిమ్మట ఆ గుర్తులను లెక్కించి, పిల్లను గూర్చి ఇంటివారందఱును కూర్చుండి మాటలాడవచ్చును.