పూర్వికుల కానుకపై మన హక్కు ఎంత?

దేవాలయాన్ని కొత్తగా అలంకరించాలనే కోరిక భక్తి నుండే పుడుతుంది. అయితే దాని కోసం పూర్వికులు ఇచ్చినదాన్ని చెరిపివేసే హక్కు మనకున్నదా?

దక్షిణ పోలండులో టాట్రా పర్వతాలకు దగ్గరలో దెంబ్నో అనే పల్లె ఉంది. 15వ శతాబ్దంలో అక్కడివారు అతిదూతయైన పునీత మిఖాయేలు పేర లార్చ్ చెట్టు కలపతో ఒక దేవాలయం కట్టుకున్నారు. బయటినుండి చూస్తే అది నల్లబడిన చిన్న చెక్క కట్టడం. లోపల మాత్రం గోడలు, పైకప్పు నిండా పూలు, తీగలు, జంతువుల బొమ్మలు! 1500 ప్రాంతంలో అచ్చులు కత్తిరించి, వాటి మీదుగా రంగులద్ది వేసిన నమూనాలు 70కి పైగా ఉన్నాయి. పీఠంపై మధ్యలో మరియమాత, ఇరువైపుల పునీత మిఖాయేలు, పునీత కత్తరీనమ్మ. 2003లో యునెస్కో ఈ దేవాలయాన్ని, మరో ఐదు చెక్క దేవాలయాలతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది క్రాకోవ్ అగ్రపీఠంలోనిది. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ఆ అగ్రపీఠాన్నే పాలించారు.

ఐదు వందల ఏళ్ళలో ఎన్ని తరాలు ఆ పీఠం ముందు మోకరించి ఉంటాయి! ప్రతి తరానికీ తన అభిరుచి ఉంటుంది. తన గుర్తు మిగల్చాలనే ఆశ ఉంటుంది. అయినా ఆ పాత రంగులు నేటికీ నిలిచాయి. అలాగని వారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. గంటల గోపురం తరువాతి కాలంలో చేర్చినదే. చెక్క పెంకులు పాడైతే కొత్తవి వేయక తప్పదు. లేకుంటే వానకు లోపలి బొమ్మలు దక్కవు. అవసరమైనది మార్చుకోవచ్చు. మన పేరు కోసం మార్చడమే తప్పు.

"పేదలుండగా పాత చెక్కలకు ఖర్చెందుకు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుడి వాకిట ఆకలి ఉంటే లోపలి అందం మనలను నిందిస్తుంది. కాని పల్లెలోని నిరుపేద కూడా "ఇది నాది" అని చెప్పుకోగల అందమైన చోటు దేవాలయమే. దానిని కాపాడడం పేదవాని ఆస్తిని కాపాడడమే.

తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞ వారి సమాధి దగ్గర ముగియదు. కనుక ప్రియ పాఠకులారా, మన విచారణలో పాత పీఠాన్నో, స్వరూపాన్నో తొలగించే ముందు పెద్దలను అడుగుదాం: ఇది ఎవరు ఇచ్చారు? ఏ మొక్కుతో ఇచ్చారు? రేపు మన బిడ్డలకు ఏమి చూపగలం?