కారు క్రింది కాయకము

పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో త్రాళ్లు పేనువాడు, పడవ నడుపువాడు, తోలుపని చేయువాడు, బట్టలుతుకువాడు ఉండిరి. వృత్తి ఏదైనను సత్యశుద్ధముగా చేసినప్పుడే అది కాయకమగునని వారి నడవడి చాటినది. ఆ సత్యశుద్ధి నిజముగా తేలునది ఇతరులు చూడని చోటనే. పాత కారు అడుగుభాగము అట్టి చోటు.

జహీరాబాదు వంటి ఊరిలో ఒక కుటుంబమునకు పాత అంబాసిడర్ కారు ఉన్నదనుకొనుడు. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. తెల్లవారిన పిల్లాపాపలతో బసవకల్యాణమునకు పయనము. ఇంతలో ఇంజను పొగను వెనుకకు చేర్చు గొట్టము సైలెన్సరుకు ముందు విరిగి, వీధియంతయు ఉలికిపడునట్లు మ్రోత మొదలైనది. యజమాని మెకానిక్కు వద్దకు పోయి, "చప్పుడాగితే చాలు నాయనా, ఏదో ఒక రేకు చుట్టి పంపు" అనును. అడిగినంత పని చేసి, ఆ మాత్రపు కూలి పుచ్చుకొన్నవాడు నిర్దోషియేనా?

చప్పుడు వేరు, కీడు వేరు. ఇంజను విడుచు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. కారు క్రింద వెలువడిన పొగ, తుప్పుపట్టిన నేలరేకు సందులగుండా లోనికి చేరినచో, వెనుకసీటులోని పిల్లలు నిద్రించుచున్నారనియే పెద్దలు తలంతురు. విరిగిన గొట్టపు మ్రోత కాపలాకుక్క వంటిది. రేకు చుట్టి తీగతో బిగించుట, దొంగను ఇంటనే ఉంచి కుక్క నోరు కట్టుట.

ఆ గొట్టము లోపలినుండియే చివుకును. పెట్రోలు మండినప్పుడు నీటియావిరియు పుట్టును. కారు కొద్దిదూరమే తిరిగినచో గొట్టము తగినంత వేడెక్కక, ఆ ఆవిరి ఆమ్లములతో కూడిన నీరై సైలెన్సరులో నిలిచిపోవును. అందుచేతనే నిత్యము దూరము తిరుగు టాక్సీకంటె, వారమునకొకసారి గుడివరకు పోయివచ్చు కారునకు ఈ రోగము ముందుగా వచ్చుట కలదు. (పనిలేని మనుష్యుల సంగతియు ఇట్టిదేయని పెద్దలు నవ్వవచ్చును.) పైకి గట్టిగా కనబడు చోటనే సుత్తితో మెల్లగా తట్టిన రంధ్రము పడును. అట్టి ఇనుముపై వెల్డింగు నిలువదు, రేకు కాలిపోవును. గట్టి లోహము తగులువరకు కోసివేసి, క్రొత్త ముక్క తొడిగి, చుట్టును అతుకవలెను. గొట్టమును వ్రేలాడదీయు రబ్బరులు తెగియున్నచో వానినిగూడ మార్చవలెను, లేనిచో ఆ అదురునకు అతుకు మరల విడును.

యజమానికి ఇందులో భాగము లేదనరాదు. నులియ చందయ్య తాను పేనిన త్రాటికి తగిన వెలకు మించి ఒక్క కాసు రాగా సమ్మతింపలేదని పురాతనుల కథ. పని విలువకంటె ఎక్కువ పుచ్చుకొనుట తప్పైనప్పుడు, తక్కువ ఇచ్చి పూర్తిపని వేషము కోరుటయు తప్పే. చేత ధనము లేకపోవుట మాత్రము దోషము కాదు. బస్సులో పోవుట అవమానమును కాదు.

మెకానిక్కు తాత్కాలికపు కట్టు కట్టనేకూడదా? కట్టవచ్చును, ఖాళీ కారును దుకాణము దాక చేర్చుటకు. "ఇది మరమ్మతు కాదు, దీనితో పిల్లలను ఎక్కింపవద్దు" అని నోరు విప్పి చెప్పవలెను. అంతకుమించి అడిగినచో కాదనవలెను. బేరము పోవచ్చును, ప్రక్క దుకాణమువాడు ఆ రేకే చుట్టి పంపవచ్చును. కష్టమక్కడనే ఉన్నది, ఇంట బియ్యము నిండుకొన్న దినమున ఆ మాట పలుకుట తేలిక అనువారు ఆ పని చేసి ఎరుగరు.

కారు క్రింద అతడు వెల్లకిల పరుండును. పైన తుప్పుగొట్టము, క్రింద నేల, నడుమ అతని రొమ్ముపై ఇష్టలింగము. అతుకు పూర్తియై చల్లారినపిదప ఇంజను నడిపించి, వెనుక గొట్టపు నోటికి దళసరి గుడ్డ ఒక క్షణము అదిమి, అతుకు వద్ద బుసబుస వినబడునేమోనని చెవి యొగ్గును. వినబడినచో, యజమాని తొందరపెట్టుచున్నను, మరల క్రిందికి జరుగును.